పెద్దలకు లాటిను నేర్పుట: మొదట ఏ పుస్తకము చేతికియ్యవలెను?

చదువవలసిన భాగము: నెహెమ్యా 8:1-8



యెరూషలేములో నీటి గుమ్మము ఎదుటి మైదానమందు జనులందరు కూడుకొనగా ఎజ్రా ధర్మశాస్త్ర గ్రంథమును విప్పిన సంగతి మనమెరుగుదుము. ఆ దినమున గ్రంథము చదువుట మాత్రమే జరుగలేదు. లేవీయులు జనుల మధ్య నిలిచి, చదివినదానికి అర్థము చెప్పిరి. విన్నవారిలో పురుషులున్నారు, స్త్రీలున్నారు. ఉదయము మొదలుకొని మధ్యాహ్నము వరకు ఓర్పుతో నిలిచిన పెద్దవారు వారు. పెద్దవారికి చదువు చెప్పుటకు ఇది మంచి మాదిరి అని మేము తలంచుచున్నాము. ఈ నెల పాఠము ఆ మైదానమునుండి బయలుదేరి కొంచెము దూరపు ఊరికి పోవును. ఓపికతో మాతో నడువుడి.

రెండు సంవత్సరముల క్రిందట క్రిస్మసుకు ముందు మా కొయిరువారు పాటలు అభ్యసించుచుండిరి. ఒక పాట పల్లవిలో 'గ్లోరియా ఇన్ ఎక్సెల్సిస్' అను మాటలు వచ్చినవి. కొయిరులోని ఒక చిన్నది పాట ఆపి, "అయ్యగారూ, గ్లోరియా అంటే మహిమ అని తెలుసు. ఎక్సెల్సిస్ అంటే ఏమిటండీ?" అని అడిగెను. అయ్యగారు అర్థము చెప్పిరి. ఉన్నతమైన స్థలములలో అని భావము. అంతటితో సంగతి ముగిసియుండును గాని, మా సంఘములో ఉద్యోగ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడొకరు ఉన్నారు. ఆయనకు ఏ మాటనైనను మూలములో చూడనిదే నిద్ర పట్టదు. ఆయన ఒక వేదాంత కళాశాల గ్రంథాలయమునుండి లాటిను బైబిలు ఎరవు తెచ్చి, లూకా 2:14 తీసి చూచిరి. అచ్చట ఎక్సెల్సిస్ లేదు. 'ఆల్తిస్సిమిస్' అని యున్నది!

మాస్టారు మొదట అచ్చు తప్పనుకొనిరి. తప్పు కాదు. జెరోముకు ముందే లాటినులో సువార్తల తర్జుమాలు వాడుకలో నుండెను. దేవదూతల స్తోత్రమును సంఘము ఆ పాత మాటలతోనే పాడుచు వచ్చెను. జెరోము 382లో రోమా బిషపు దమాసు కోరికపై సువార్తలను సరిచూచి సవరించుటకు పూనుకొనెను. ఆ సువార్తలోనే ఈ రెండవ మాట యున్నది. భావమొకటే, పాటలో ఒక మాట నిలిచినది, గ్రంథములో వేరొక మాట నిలిచినది. ఈ చిన్న సంగతి విన్నప్పుడు మాలో కొందరికి ఆశ కలిగెను. గురువారపు సాయంకాలమున బడి వసారాలో కూడి లాటిను నేర్చుకొందమని ఏడుగురము ఏర్పడితిమి. మాలో ఒకరు వేదాంత కళాశాలలో కొంత లాటిను చదివినవారు గనుక నేర్పు భారము వారిపై పడెను.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. మన రక్షణకు గాని ఆరాధనకు గాని లాటిను అవసరము లేదు. దేవుని వాక్యము తెలుగులో మన ఇంటనే యున్నది. లాటిను రానివారెవరును చిన్నబుచ్చుకొన నక్కరలేదు. అయినను ఆ భాష మనకు తెలియకయే మన ఇంటికి వచ్చి కూర్చున్నది. పాస్టరు అను మాట లాటిను. గొఱ్ఱెల కాపరి అని అర్థము. మిషను అనగా పంపుట. మన పల్లెలలో పెద్దలు 'పాదిరిగారు' అందురే, అది పోర్చుగీసువారి నోటిమీదుగా వచ్చిన లాటిను. తండ్రి అని భావము. సంఘ సంస్కరణ కథలోను ఒక లాటిను మాట యున్నది. మత్తయి 4:17లో ప్రభువు ప్రకటించిన పిలుపును లాటిను బైబిలు 'పెనితెన్త్సియా' చేయుడని తర్జుమా చేసెను. జనులు చాలకాలము దానిని గురువు విధించు ప్రాయశ్చిత్త క్రియలుగా వినిరి. 1516లో ఎరాస్మసు గ్రీకు క్రొత్త నిబంధనను అచ్చు వేయించి, గ్రీకు మాటకు మనస్సు మార్చుకొనుట అను భావమున్నదని చూపెను. మరుసటి యేట లూథరు ప్రకటించిన 95 వాదములలో మొదటిది ఈ మాటను గూర్చినదే. మా మాస్టారు ఈ సంగతి విన్న రాత్రి ఇంటికి పోవుచు, "ఒక్క మాట సరిగా చదివితే ఎంత జరిగినది!" అని తమలో తాము అనుకొనిరట.

ఇక పుస్తకముల సంగతి. మా మొదటి తప్పు చెప్పుకొనుటకు సిగ్గుపడము. మా చేతికి ఒక పాత బడి పుస్తకము దొరికెను. అది లేత పిల్లలకు వ్రాసినది. మొదటి పాఠములలో రైతులు, నావికులు, గులాబీ పూవులు. తరువాత సైన్యములు, కందకములు, గోడలు, గాలు దేశపు యుద్ధములు. ఆరు వారములు కైసరునకు చెల్లింపవలసినది చెల్లించితిమి. ఏడుగురిలో ముగ్గురు మిగిలిరి. వెళ్లిపోయినవారిలో ఒక సహోదరి యుండెను. ఆమె ముప్పది యేండ్లు బైబిలు స్త్రీగా పనిచేసి, ఇల్లిల్లు తిరిగి, అక్షరము రాని తల్లులకు వాక్యము చదివి చెప్పిన మనిషి. ఆమెకు ఇంగ్లీషు రాదు. మేము పోయి అడుగగా, "నాకీ యుద్ధాలెందుకు మాస్టారూ? నేను చదువు మానలేదండీ. ఆ పుస్తకము మానుకున్నాను" అనెను.

ఆ మాట మాకు గ్రుచ్చుకొనెను. పిల్లవానికి ముందు పది యేండ్ల చదువున్నది. ఇప్పుడు నేర్చినది ఎప్పుడో పనికివచ్చును. పెద్దవారికి సాయంకాలము ఒక గంట. అది కాలువ నీటి వంతువంటిది. వంతు వచ్చినప్పుడే మన చేనికి నీరు పారవలెను. ఆ నీరు పొరుగువాని గట్టు తడుపుటకు పోయిన ఎడల పైరు ఎండును. తాను చదువగోరిన గ్రంథములోని మాట మొదటి గంటలోనే పెద్దవారి నోటికి రావలెను.

కావున పుస్తకము ప్రక్కన పెట్టి, పరలోక ప్రార్థనను లాటినులో పెద్ద అక్షరములతో గోడ కాగితముపై వ్రాసితిమి. క్రింద తెలుగు లిపిలో దాని ఉచ్చారణ వ్రాసితిమి. ఆ సహోదరిని మరల పిలిచితిమి. సుమారు 50 మాటల ప్రార్థన అది. కంఠస్థముగా వచ్చిన ప్రార్థన గనుక అర్థము వెదకవలసిన పని లేదు. ఏ మాట ఏ పని చేయుచున్నదో చూచుటయే పని. 'నోస్తెర్' అనగా మా. తండ్రిప్రక్క నోస్తెర్, ఆహారముప్రక్క నోస్త్రుమ్, ఋణములప్రక్క నోస్త్రా, ఋణస్థులప్రక్క నోస్త్రిస్. ఒక్క ప్రార్థనలో ఒక్క మాటకు నాలుగు వేషములు! తెలుగులో మా తండ్రి, మా ఆహారము, మా ఋణములు; 'మా' ఎక్కడనుండినను మాయే. తెలుగువారికి లాటినులో నిజముగా కష్టమైన చోటు ఇదియని మాకు అప్పుడు తెలిసినది.

సులువైన చోటు ఏదో కూడ తెలిసినది. ఇంగ్లీషువారి కొరకు వ్రాసిన పుస్తకములు నామవాచకము చివర మారుట అను విషయమును విప్పి చెప్పుటకే ఎన్నో పుటలు ఖర్చు చేయును. మనకు అది అక్కరలేదు. దేవుడు, దేవుని, దేవునికి అని మనము పుట్టుకనుండి పలుకుచున్నాము. దేయుస్, దేయి, దేయో అని చెప్పగానే మాస్టారు నవ్వి, "ఇవి విభక్తులే గదా!" అనిరి. ఆయన చిన్ననాడు చిన్నయసూరి బాలవ్యాకరణము వల్లెవేసినవారు. అలాగే వచ్చితిని, వచ్చితివి, వచ్చెను అనునప్పుడు నేను, నీవు, అతడు అని వేరే చెప్పనక్కరలేదు. లాటినులో వేని, వేనిస్తి, వేనిత్ అనునవి అట్టివే. క్రియ తరచుగా వాక్యము చివర వచ్చిన మనము బెదరము. అయితే ప్రార్థన ఆరంభమున మనము 'పరలోకమందున్న' అని ఒక్క మాటలో చెప్పునది లాటినులో వేరొక చిన్న వాక్యమై తండ్రి అను మాట వెనుక వచ్చును. అక్కడ నిలిచి రెండు గంటలు గడిపితిమి. ఇంగ్లీషు పుస్తకమునుండి పాఠములు తీసికొనునప్పుడు వారు సాగదీసిన చోట మనము పరుగెత్తవచ్చును, వారు ఒక పేరాతో దాటిన చోట మనము కూర్చుండవలసి యుండును.

ఇంతవరకు బాగుగానే యున్నది. తరువాత జరిగినది ఎక్కువ ముఖ్యమని మా అభిప్రాయము.

ఆ సహోదరికి 23వ కీర్తన ప్రాణము. లాటినులో అది చదువుదుమని కోరెను. లాటిను బైబిలులో 23 తీయగా భూమి యెహోవాదని చెప్పు కీర్తన వచ్చెను. అది మన 24. గ్రీకు బైబిలు వరుసననుసరించి లాటినులో 9, 10 కీర్తనలు ఒకటిగా కలిసినవి గనుక తరువాతి కీర్తనలు చాలవరకు ఒక సంఖ్య వెనుకబడును. లాటిను కీర్తనలతో ఆరంభించు ప్రతివారును ఈ గుంటలో ఒకసారి పడుదురు. సరే, 22 తీసితిమి. ఆమె చక్కగా చదివి, ఆగకుండ తెలుగులో అర్థము చెప్పెను. మేమందరము సంతోషించితిమి. నేర్పువారు మాత్రము, "అమ్మా, ఇందులో కాపరి అను మాట ఏది?" అని అడిగిరి. ఆమె వ్రేలు 'రెజిత్' అను మాటమీద పెట్టెను. రెజిత్ అనగా కాపరియై యున్నాడని కాదు. ఏలుచున్నాడు, నడిపించుచున్నాడు అని అర్థము. కాపరి ఆ మొదటి వాక్యములో లేనే లేడు.

ఆమె మొగము చిన్నబోయెను. "అయితే నేను ఇంతసేపు చదివినదేమిటండీ?" అనెను. ఆమె చదివినది తెలుగు, అమ్మగారి నోట చిన్ననాడు విన్న తెలుగు. కన్ను లాటినుమీద నుండెను, నోరు జ్ఞాపకమునుండి పలికెను. ఇది ఆమె తప్పు కాదు. మాకును అట్లే జరుగుచుండెను. ఇంటి దారి ఎరిగిన ఎద్దులు బండి లాగుచుండగా బండివాడు నిద్రపోవును. బండి ఇల్లు చేరును గాని అతడు దారి చూడడు. తెలిసిన వాక్యము పెద్దవారిని తరగతిలోనికి రప్పించును, నిలుపును. ఆ వాక్యమే వారిని చదువనీయదు. పుస్తకములు ఎన్నుకొనువారు ఈ రెండును జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ కీర్తనను మరల రెండు వరుసలలో చదివితిమి. జెరోము కీర్తనలను ఒకసారి గ్రీకునుబట్టి సవరించెను, మరియొకసారి హెబ్రీనుండి నేరుగా తర్జుమా చేసెను. గ్రీకు క్రియకు మందను మేపుట, ఏలుట అను రెండు భావములును కలవు. మొదటి లాటిను ఏలుటను పట్టుకొన్నది. హెబ్రీనుండి చేసినదానిలో 'పాషిత్' అని యున్నది. మేపుచున్నాడు అని అర్థము. ఆశ్చర్యమేమనగా, హెబ్రీకి దగ్గరగా నున్న ఆ తర్జుమా ఆరాధనలో నిలువలేదు. జనుల నోట పాతదియే నాటుకొనిపోయెను. 1662 నాటి ఇంగ్లీషు ప్రార్థనా గ్రంథములో ఈ కీర్తన తలమీద అచ్చయిన లాటిను మాటలలోను రెజిత్ అనియే యున్నది. 1969లో స్టుట్‌గార్టు పట్టణమున మొదట వెలువడిన వల్గేటు ముద్రణలో ఈ రెండు కీర్తనల తర్జుమాలు ఎదురెదురు పుటలలో నున్నవి. ఆ ముద్రణలో కామాలు, పూర్ణవిరామములు ఉండవు. భావమునుబట్టి వరుసలు విరిచియుందురు. క్రొత్తవారికి అది కష్టము. మేము చదువుటకు 1592 నాటి క్లెమెంతు ముద్రణననుసరించి విరామ చిహ్నములతో వ్రాసికొన్న కాగితములు వాడి, పోల్చి చూచుటకు మాత్రము స్టుట్‌గార్టు ముద్రణ తెరచుచుంటిమి.

పరలోక ప్రార్థనలోనే ఇట్టి ముల్లు మరియొకటి యున్నదని తరువాత కనుగొంటిమి. అనుదినాహారమని మనము చెప్పు చోట సంఘము ప్రార్థించునప్పుడు 'క్వోతిదియానుమ్' అనును. దినదినమునకు అని అర్థము. లూకా 11:3లో జెరోము ఉంచినది ఆ మాటయే. మత్తయి 6:11లో అదే గ్రీకు మాటకు 'సుపెర్‌సుబ్‌స్తాన్త్సియాలెమ్' అని పెట్టెను. పదార్థమునకు మించినది అని చెప్పవచ్చును. గోడ కాగితము చూచి వల్లెవేసినవారు మత్తయి సువార్త తెరచినప్పుడు ఈ పొడవు మాటయొద్ద తప్పక తూలుదురు. ఆ తూలుపాటు మంచిదే.

కావున తెలిసినదాని తరువాత సగము తెలిసినది ఈయవలెనని నిర్ణయించితిమి. యోనా గ్రంథము తీసికొంటిమి. నాలుగు అధ్యాయములు, 48 వచనములు. కథ అందరికి తెలియును, మాటమాటగా ఎవరికిని కంఠస్థము కాదు. ఓడ, తుపాను, చీట్లు, చేప. ప్రతి వచనములో ఒక పని జరుగును గనుక క్రియలు బాగుగా పట్టుబడును. 4:6కు వచ్చితిమి. పెద్దలందరము ఏకకంఠముగా 'సొరచెట్టు' అంటిమి. ఈమధ్యనే బాప్తిస్మము పొందిన వడ్రంగి సహోదరుడొకడు మాలో నున్నాడు. అతడు మేము లాటినునకు తెలుగు అర్థములు వ్రాసికొన్న నోటుపుస్తకము చూచి, "సొర కాదండీ. హెదెరా అంటే గోడలమీద ప్రాకే తీగ అని మీరే వ్రాశారు" అనెను. పాత క్రైస్తవులము మేము జ్ఞాపకమునుబట్టి పలికితిమి. క్రొత్త విశ్వాసి అక్షరమునుబట్టి చదివెను.

ఈ తీగ కథ పాతదే. జెరోముకు ముందున్న లాటినులో అక్కడ సొరజాతి మాటయే యుండెను. ఆఫ్రికా ఉత్తర తీరమున ఓయా అను పట్టణములో, అనగా నేటి ట్రిపోలిలో, ఒక బిషపు జెరోము తర్జుమాను గుడిలో చదివించినప్పుడు, తరతరములుగా విన్న మాట మారినదని జనులు గొల్లున లేచిరి. బిషపు తన సంఘము తనను విడిచిపోవునని భయపడి దిద్దుకొనవలసి వచ్చెను. అగస్టీను 403లో జెరోముకు వ్రాసిన ఉత్తరములో ఈ సంగతి తెలిపెను. ఆ హెబ్రీ మొక్కకు లాటినులో పేరు లేదు గనుక అట్లు వ్రాసితినని జెరోము బదులిచ్చెను. మేము ఈ ఉత్తరముల సంగతి చెప్పగా మా సహోదరి, "అయితే ఓయావారును మావంటివారే" అని నవ్వెను. రెజిత్ నాటి చిన్నతనము ఆమెకు ఆ రోజుతో పోయినదని మేమనుకొంటిమి.

అచ్చు పుస్తకములను గూర్చి అడుగువారికి క్లుప్తముగా చెప్పుదుము. ఇవన్నియు ఇంగ్లీషువారికొరకైనవే, నేర్పువాని బల్లమీద ఉండవలసినవే గాని మన పల్లెలలో నేర్చుకొనువారి చేతిలో పెట్టదగినవి కావు. జాన్ కాలిన్సు వ్రాసి 1985లో వాషింగ్‌టనులోని కాథలికు విశ్వవిద్యాలయము ప్రకటించిన సంఘ లాటిను వాచకమున 35 పాఠములున్నవి. అభ్యాసములు వల్గేటునుండియు ఆరాధన గ్రంథములనుండియు తీసినవి గనుక మాకు అన్నిటికంటె ఎక్కువ ఉపయోగపడినది ఇదియే. మన ఆరాధనలో లేని ప్రార్థనలు అందులో ఉండును. వాటిని భాష నేర్చుటకు చదువవచ్చును, విడువవచ్చును. స్కాన్లను దంపతుల వ్యాకరణము 1944 నాటిది. అది రోమను మిస్సలు చదువగోరువారికై చేసినది గనుక మనకు దూరము. నన్ను దొర వ్రాసిన చిన్న పుస్తకము 1922లో కేంబ్రిడ్జిలో వెలువడెను. వాక్య నిర్మాణము తెలియుటకు మంచిది.

వీలాక్ వ్యాకరణము 1956లో వచ్చినది. అది యుద్ధమునుండి తిరిగివచ్చి కళాశాలలో చేరిన సైనికులకు చెప్పిన పాఠములనుండి పెరిగినది. పెద్దల కొరకే పుట్టినదన్నమాట. పట్టికలు తేటగా నుండును. కాని అందలి వాక్యములు ప్రాచీన రోమా గ్రంథకర్తలవి. డెన్మార్కు దేశస్థుడు ఓర్బెర్గు వ్రాసిన పుస్తకము మొదటి పుటనుండి లాటినులోనే నడచును, వేరొక భాష ఉండదు. ఇంగ్లీషు రాని మా సహోదరికి అదియే న్యాయమైన పుస్తకమని మాస్టారు వాదించిరి, ఆ వాదములో బలమున్నది. ఒక రోమా కుటుంబపు కథ అది. 28వ అధ్యాయమున ఒక స్త్రీ మత్తయి సువార్తనుండి చదివి వినిపించును. అయితే అంతవరకు చేరుటకు 27 అధ్యాయములు నడువవలెను గదా. మా నీటి వంతు అంత దూరము పారదు. యువకులున్న చోట ప్రయత్నింపవచ్చును.

బొమ్మలతో లాటిను నేర్పవచ్చునని మొదట గట్టిగా చూపినవారిలో మన ప్రొటెస్టెంటు బిషపు ఒకడున్నాడు. మొరావియను సహోదరుల బిషపైన కొమీనియసు హింసవలన స్వదేశము విడిచి తిరిగినవాడు. 1658లో న్యూరెంబర్గున అచ్చయిన అతని బొమ్మల పుస్తకములో 150 అధ్యాయములు. బొమ్మలోని ప్రతి వస్తువునకు ఒక అంకె, ఆ అంకె ప్రక్కన లాటిను మాట, దానికి ఎదుట జర్మను మాట. అక్షరములు నేర్పుటకు కాకి అరుపుతో ఆరంభించెను. వస్తువు చూపక మాట నేర్పుట అతనికి గిట్టదు. ఆ పద్ధతి మాకు అక్కరకు వచ్చెను. రొట్టె, దీపము, వల, మెట్లు, ద్రాక్షారసపు గిన్నె, ఇవన్నియు బల్లమీద పెట్టి పేర్లు చెప్పించితిమి. వడ్రంగి సహోదరుడు తన ఉలి, సుత్తి తెచ్చి వాటి పేర్లు అడిగెను. మాకు తెలియక నిఘంటువు వెదకితిమి.

మన తెలుగునకును లాటినునకును ఉన్న పాత చుట్టరికము ఒకటి చెప్పక విడువలేము. మద్రాసులో సేవచేసిన బెంజమిను షుల్ట్‌జ్ అను లూథరను మిషనరీ 1728లో తెలుగు వ్యాకరణమును లాటినులో వ్రాసెను. తరువాత జర్మనీలోని హాలె పట్టణమున 1746-47లో తెలుగు అక్షరములతో చిన్న పుస్తకములు అచ్చు వేయించెను. ఆయన మన విభక్తులను లాటిను పేర్లతో విప్పి తనవారికి చూపెను. మేము లాటిను విభక్తులను మన పేర్లతో చూపుచున్నాము. అదే దారిలో ఎదురు నడక.

ఉచ్చారణను గూర్చి రెండు మాటలు. బడిలో నేర్పు ప్రాచీన ఉచ్చారణ వేరు, సంఘములో పాడు ఉచ్చారణ వేరు. ఆకాశమను మాటను ఒకరు 'కైలుమ్' అందురు, మరియొకరు 'చేలుమ్' అందురు. రెండును కలిపిన ఎడల వృద్ధులు గాబరాపడుదురు. పాటలో వచ్చునదే మేలని సంఘ ఉచ్చారణను పట్టుకొంటిమి. కాగితములలో అక్షరములు పెద్దవిగా వ్రాయుడి. లాంతరు వెలుగైనను కరెంటు దీపమైనను అరువది దాటిన కన్నులకు చిన్న అచ్చు శత్రువు. మా తరగతిలో సగము సందేహములు వ్యాకరణమువి కావు, కంటి అద్దములవి!

ఇప్పుడు మూడవ మెట్టు ఎక్కుచున్నాము, అనగా ఎవరికిని తెలియని గ్రంథము. మాస్టారు అగస్టీను ఒప్పుకోలు గ్రంథము కోరిరి. అది గొప్పదే గాని వాక్యములు పొడవు. ఇంకను ఒక సంవత్సరము ఆగవలెనని చెప్పితిమి. ఆయన, "నా కళ్లు ఆగవు గదండీ" అనిరి. ఆ మాటకు మాయొద్ద బదులు లేకపోయెను. కనుక వారమునకు ఐదు వరుసలు ఆయనతో వేరుగా చదువుచున్నాము. తక్కినవారికి ఎజేరియ యాత్ర తీసికొంటిమి. ఈమె నాలుగవ శతాబ్దపు చివర పడమటి దేశమునుండి పరిశుద్ధ స్థలములు చూడబోయిన క్రైస్తవ స్త్రీ. తాను చూచినది తన సహోదరీలకు వ్రాసి పంపెను. ఆ వ్రాతప్రతి 1884లో ఇటలీలోని అరెత్సో పట్టణమున బయటపడెను. మొదలును చివరయు పోయినవి. మిగిలిన భాగము సీనాయి కొండ దగ్గర పడుటతో ఆరంభమగును. స్థలములు మనకు తెలిసినవి, మాటలు తెలియనివి. భాష పండితుల భాష కాదు. ఒక మాట చెప్పి 'ఇద్ ఎస్త్', అనగా 'అనగా', అని తానే విప్పి చెప్పు అలవాటు ఆమెకున్నది. నేర్చుకొనువారికి ఇంతకంటె ఏమి కావలెను?

పోయిన నెల యెరూషలేము ఆరాధనను గూర్చి ఆమె వ్రాసిన చోటికి వచ్చితిమి. అక్కడి బిషపు గ్రీకులోనే మాటలాడును. ఒక పెద్ద ప్రక్కన నిలిచి సురియా భాషలోనికి తిప్పి చెప్పును. గ్రీకు గాని సురియా భాష గాని రాని లాటినువారు దిగులుపడకుండ, రెండు భాషలు ఎరిగిన సహోదరులును సహోదరీలును వారికి లాటినులో విప్పి చెప్పుదురు. మా సహోదరి ఆ వరుస మెల్లగా, మాటమాటకు వ్రేలు పెట్టి చదివెను. ఈసారి జ్ఞాపకమునుండి పలుకుటకు ఆమెకు తెలుగు లేదు. 'సొరోరెస్' అను మాటయొద్ద వ్రేలు ఆగెను. "సహోదరీలు అనియేనా మాస్టారూ? నిజముగా అట్లే వ్రాసియున్నదా?" అని అడిగెను. అట్లే వ్రాసియున్నదని చెప్పితిమి. "వారి పేర్లు వ్రాయలేదా?" అనెను. వ్రాయలేదు. ఆమె కొంతసేపు ఆ కాగితమును చూచి, తన నోటుపుస్తకములో ఆ మాటను పెద్ద అక్షరములతో వ్రాసికొని, తరువాతి వరుస చదువుటకు కంటి అద్దములు తుడుచుకొనెను.